రెండో బెజ్జం

ఆ వీధిలో అతనిదీ ఒక కొట్టే. అయితే కొట్టు అంటే దుకాణం అనుకుని లోపలికి వచ్చినవాళ్ళకి అక్కడ అమ్మేదేమీ కనిపించదు. కొట్టడం ఒక్కటే కనిపిస్తుంది. ఎద్దుల గిట్టలకి లాడాలు కొట్టడం. అటుపక్క సబ్బులు అమ్మేవాడు డప్పాలు కొడతాడు, ఇటుపక్క సైకిలు ట్యూబులు అమ్మేవాడు ఈలలు కొడతాడు, సాయంత్రమైతే ఇద్దరూ కలిసి పేకముక్కలు కొడతారు. ఇతను మేకులు కొడతాడు, మధ్యమధ్య ఈగల్ని కొడతాడు. ఊళ్ళో బళ్ళు తగ్గిపోయాక లాడాలు కొట్టేవాడు ఇతనొక్కడే మిగిలాడు. ఒక్కడే మిగిలాడన్న మాట పనికీ వర్తిస్తుంది, ఇంటికీ వర్తిస్తుంది. వీధంతా అతన్ని "లాడాలు" అని పిలుస్తుంది. అసలు పేరొకటి ఉంది గానీ దాంతో పిలిచేవాళ్ళు ఎప్పుడో గిట్టారు. మిగిలినవి గిట్టలు.

ఆ పూట అతను నోట్లో నాలుగు మేకులు పెట్టుకుని, ఆకురాయి తుడుచుకుంటూ కూర్చున్నాడు. పనున్నా లేకపోయినా పెదాల మధ్య మేకులుండటం అలవాటు. నోట్లో మేకులున్నవాణ్ణి ఎవరూ మాట్లాడమనరు. ఎవరూ మాట్లాడించని సంగతి పైకి తెలియకుండా ఉండటానికీ అవి పనికొస్తాయి.

"బాబాయ్! మేకులేంటి నోట్లో, పలహారమా?"

అతను మేకుల్ని అరచేతిలోకి ఊశాడు. ఇంకెవరు పలకరించినా తలూపి ఊరుకునేవాడు గానీ, ఈ మనిషి వస్తే మాత్రం ఊసి మరీ జవాబిస్తాడు.

"నీకంటే ఊరినిండా చుట్టాలు, పూటకో విందు. నాకెవరు పెడతారు?"

"నేను లేనూ? ఇదిగో, ఇది నా టీ, అది నీ టీ. చల్లారితే రెండూ నీటిపాలే. తాగు ముందు."

వచ్చినవాడు పశువుల బేరగాడు. రెండు నెలల క్రితం వీధిలో అడుగుపెట్టి, మూడు నిమిషాల్లో అందరితో వరసలు కలిపేశాడు. సబ్బులాయన బావ అయ్యాడు, సైకిలాయన అన్నయ్య అయ్యాడు, క్షవరం కొట్టు ముందు పడుకునే కుక్క తమ్ముడు అయింది. అందుకని వీధి అతనికి "వరసలు" అని పేరు పెట్టింది. వచ్చినప్పుడల్లా రెండు గ్లాసులు తెస్తాడు, తిరగేసిన డబ్బా మీద కూర్చుంటాడు, గ్లాసు ఖాళీ అయినా లేవడు. ఆ చివరిదాని కోసమే లాడాలు అతని రాక కోసం చూస్తుంటాడు.

"మోకాలు ఎలా ఉంది బాబాయ్? మొన్న లేవలేకపోయావ్."

"పరవాలేదు. పొద్దున్నే బిగుస్తుంది, మధ్యాహ్నానికి వదులుతుంది."

"చేతిలో వేలెడంత మేకు ఉంచుకుని మోకాలికి భయపడతావేం? నూనె తెస్తాలే, మా అత్తగారి ఊరి నూనె. ఆవిడ నోటికి తప్ప దేనికి రాసినా సర్దుకుంటుంది."

లాడాలు నవ్వాడు. తన నవ్వు తనకే కొత్తగా వినిపించింది. చాలా రోజులు మూసి ఉంచిన తలుపు తీసినట్టు.

వరసలు వెంట ఒక ఎద్దు ఉంది. బూడిదరంగు. కొమ్ములు కొత్తగా చెక్కి నూనె రాసి ఉన్నాయి. ఎడమ తొడ మీద ముక్కోణపు ముద్ర ఇంకా పచ్చిగా ఉంది, పైన ఏదో మందు పూశారు.

"దీన్ని పెద్ద సంతకి తోలాలి బాబాయ్. మూడు రోజులు తారురోడ్డు. చెప్పుల్లేకుండా పంపితే పాపం కదా? పాత లాడాలు కాగితాల్లా అయిపోయాయి."

ఎద్దుని పడుకోబెట్టడం బలంతో అయ్యే పని కాదు, నచ్చచెప్పాల్సిన పని. మెడ చుట్టూ ఒక ముడి, ముందుకాళ్ళ వెనక ఒక చుట్టు, నడుము దగ్గర ఇంకో చుట్టు, ఆ తర్వాత తాడు వెనక్కి మెల్లగా లాగడం. కొత్త ఎద్దయితే గింజుకుంటుంది. ఇది తాడు మూడో చుట్టు పడగానే ముందుకాళ్ళు మడిచి, ఒక నిట్టూర్పు విడిచి, పక్కకి ఒరిగింది. ఇది ఎరిగిన పనే అన్నట్టు.

ఆ ఒరగడం అతను చూశాడు. చూసి, ఏ ఎద్దయినా ఇంతేగా అనుకున్నాడు.

వరసలు దాని మెడ దగ్గర కూర్చుని కొమ్ము పట్టుకున్నాడు. నాలుగు కాళ్ళూ జతలుగా కట్టి కొయ్య మీద ఎత్తి పెట్టారు. ఒక్కో కాలికి రెండు డెక్కలు, డెక్కకో బిళ్ళ, బిళ్ళకి నాలుగు బెజ్జాలు. పాత బిళ్ళ పటకారుతో ఊడదీయాలి, డెక్క చదును చెయ్యాలి, కొత్త బిళ్ళ ఆనించి మేకు పెట్టి మూడు దెబ్బలు, బయటికొచ్చిన మొన కత్తిరించి మడత. ఎక్కడా నెత్తురు చూడకూడదు. మూడు కాళ్ళయ్యే వరకు వరసలు ఏదో పెళ్ళివారి కథ చెబుతూనే ఉన్నాడు. పెళ్ళికొడుకు పారిపోతే మేళం వాళ్ళలో ఒకణ్ణి కూర్చోబెట్టారట.

వెనక ఎడమ కాలు. బయటి డెక్క.

మట్టి తుడుస్తుంటే బొటనవేలు దానంతట అదే వెళ్ళి ఒక గాడిలో ఆగింది.

ఎనిమిదేళ్ళ నాటి గాడి. కాలవ మీది ఇనుపచట్రంలో గిట్ట ఇరుక్కుని నిలువునా పగిలితే, నెలంతా తారు రాసి, గుడ్డ చుట్టి, అతనే మాన్పాడు. పైకి గీతలా కనిపిస్తుంది గానీ ఆ చోట కండ బాగా పైకే ఉంటుంది, మేకు దిగితే నెత్తురే. అందుకే బిళ్ళకి రెండో బెజ్జంలో మేకు కొట్టడు. ఎనిమిదేళ్ళుగా కొట్టలేదు. ఊడదీసిన పాత బిళ్ళ అతని చేతిలోనే ఉంది. మూడు బెజ్జాలు అరిగి సాగిపోయాయి. రెండోది మాత్రం కొన్ననాటిలా గుండ్రంగా ఉంది.

నీళ్ళబండావిడ ఎద్దు. ఇవాళ పొద్దున వీధిలో బండి చప్పుడు వినపడలేదని అతనికి అప్పుడు గుర్తొచ్చింది.

అతను తలెత్తి కొమ్ముల వంక చూశాడు. లోపలికి వంగి ఉండాల్సినవి తిన్నగా ఉన్నాయి. తొడ వంక చూశాడు. గుండ్రం ముద్ర మీద ముక్కోణం. తర్వాత వరసలు వంక చూశాడు. వరసలు ఎద్దు చెవి వెనక గోకుతూ, "అప్పుడు వియ్యంకుడు ఏమన్నాడో తెలుసా బాబాయ్?" అంటున్నాడు.

"ఏమన్నాడు?" అని అడిగాడు లాడాలు.

అడిగి, పాత బిళ్ళ చొక్కా జేబులో వేసుకుని, డబ్బాలోంచి మేకులు తీశాడు. ఎనిమిది బెజ్జాలకి చెయ్యి లెక్కగా ఏడే తీసింది. నోట్లో పెట్టుకున్నాడు. లోపలి డెక్కకి నాలుగు. బయటిదానికి ఒకటి. రెండోది వదిలి, మూడోది, నాలుగోది.

"అదేంటి బాబాయ్, మధ్యలో ఒకటి వదిలేశావ్? పన్ను ఊడినట్టుంది."

జవాబు ఒక వాక్యం. ఆ వాక్యం చెబితే ఈ ఎద్దు ఎవరిదో చెప్పినట్టే. చెప్పాక డబ్బా ఖాళీ అవుతుంది, గ్లాసులు రావు, బాబాయ్ ఉండడు, మోకాలి సంగతి అడిగేవాడు ఉండడు. అతను ఇదంతా వరసగా ఆలోచించలేదు. చల్లారిన టీ గ్లాసు వంక చూశాడు, అంతే.

"మర్చిపోయాను" అన్నాడు. డబ్బాలోంచి ఎనిమిదో మేకు తీశాడు.

మొదటి దెబ్బకి ఎద్దు చర్మం తొడ దాకా వణికింది. రెండో దెబ్బకి కన్ను తెల్లగా తిరిగింది. మూడోది కొట్టాడు. మొన కత్తిరించి మడిచాడు.

"వయసు బాబాయ్, వయసు" అన్నాడు వరసలు, జాలిగా.

తాళ్ళు విప్పాక ఎద్దు లేచింది. వరసలు పలుపు పట్టుకుని, "వచ్చే వారం నూనెతో వస్తా" అని చెయ్యూపాడు. నాలుగో అడుగులో ఎద్దు వెనక ఎడమ కాలు నిప్పు మీద పెట్టినట్టు పెట్టి తీసింది. మలుపు తిరిగేదాకా చూసి, అతను డెక్కల చెక్కుల్ని చీపురుతో ఒక పక్కకి ఊడ్చాడు. ఊడ్చిన చోటే మళ్ళీ ఊడ్చాడు.

*

మర్నాడు నీళ్ళబండి చప్పుడు వినిపించింది. ముందు ఎద్దు లేదు. రెండు కాడికర్రల మధ్య ఆవిడే ఉంది. భుజానికి తువ్వాలు మడత పెట్టుకుని, వెనక ఒక్క పీపాతో, వంగి లాగుతోంది. ఎద్దు రోజూ తనంతట తనే ఆగే చోట, కొట్టు ముందు, ఆవిడ ఆగింది.

"లాడాలూ! నాలుగు బిళ్ళలుంటే నాక్కూడా కొట్టు. ఈ తారురోడ్డు మీద నా కాళ్ళూ ఆగట్లేదు."

అతను లేచి నిలబడ్డాడు. మోకాలు బిగుసుకుంది.

"మొన్న మధ్యాహ్నం పంపు దగ్గర కట్టేసి వరసలో నిలబడ్డా" అందామె. "మూడు పీపాలు నింపి వచ్చేసరికి పలుపు ముక్క ఉంది, ఎద్దు లేదు. ఎవడో కోసుకుపోయాడు." కొంగులోంచి పలుపు ముక్క తీసి చూపించింది, ఇదిగో సాక్ష్యం అన్నట్టు. "నిన్నంతా తిరిగా. బందెలదొడ్డి, రేవు, కబేళా. కబేళా గేటు దగ్గర మాత్రం లోపలికి వెళ్ళడానికి కాళ్ళు రాలేదనుకో. లోపలున్నాయన అడిగాడు, ఏం గుర్తమ్మా అని. తొడ మీద గుండ్రం ముద్ర, మొహంలో మా ఆయన పోలిక అన్నా."

ఆవిడ నవ్వింది. నవ్వు సగంలో ఆగిపోయింది.

"ఇటుగా ఎవరైనా తెచ్చారా?"

అతని నోట్లో మేకులున్నాయి. తల అడ్డంగా ఊపాడు.

"నువ్వైతే పట్టేస్తావ్. మొహం మారిస్తే నేను మోసపోతానేమో గానీ కాలు చూస్తే నువ్వు మోసపోవు. లాడాలరిగి ఉన్నాయి, ఎక్కడికి తోలాలన్నా నీ దగ్గరికే తేవాలి కదా? తెస్తే గట్టిగా అరువు, వీధి మొత్తం వస్తుంది."

అతను తలూపాడు.

"ఆ మేకులు తీసి నోటితో చెప్పచ్చుగా! మూగనోము పట్టావా?"

అతను చెయ్యి నోటి దాకా తెచ్చాడు. ఆవిడ అప్పటికే వంగి కాడి ఎత్తుకుంది. పీపాలో నీళ్ళు అటూ ఇటూ కొట్టుకున్నాయి. ఇన్నేళ్ళుగా ఆవిడ రోజుకి రెండు సార్లు ఇదే వీధిన వెళ్ళింది. తిట్టిందో, వెక్కిరించిందో, ఎద్దుతో మాట్లాడుతూ మధ్యలో అతనికీ ఒక మాట విసిరిందో. అవి మాటల కింద లెక్కని అతనికి ఎప్పుడూ తోచలేదు. వాటితో పాటు టీ గ్లాసు రాలేదు మరి.

*

నాలుగో రోజు జవాను వచ్చి పట్టుకెళ్ళాడు. అతన్నీ, సుత్తినీ, పటకారునీ, ఆకురాయినీ. స్టేషనులో పనిముట్లకి తాడుతో చీటీలు కట్టి బల్ల మీద పెట్టారు. సుత్తి మూడో నంబరు. అతనికి ఇంకా నంబరు రాలేదు.

"నిన్ను బాబాయ్ అంటాడట కదా, వాడు పెద్ద సంత గేటు దగ్గర ఆరు పశువులతో దొరికాడు" అన్నాడు ఇన్‌స్పెక్టరు. మనిషి లావుగా ఉంటాడు, కుర్చీ ఇరుకుగా ఉంటుంది. ఏ మాట మాట్లాడినా పెన్నుతో వీపు గోక్కుంటాడు. "అన్నిటికీ రసీదులున్నాయంటాడు. దొంగసొత్తయితే పట్టపగలు వీధిలో కూర్చుని లాడాలు కొట్టిస్తానా, మా బాబాయ్‌ని అడగండి అంటాడు. కొట్టావా?"

"కొట్టానండి."

"చూడూ. ఇల్లెక్కి దూకినవాడు దొంగ. కింద నిచ్చెన పట్టుకున్నవాడూ దొంగే, అది దొంగతనానికని తెలిసి పట్టుకుంటే. తెలియక పట్టుకుంటే వట్టి వెర్రిబాగులవాడు. దొంగని లోపలేస్తాం. వెర్రిబాగులవాణ్ణి సాక్షి అంటాం. ఆ లాడాలు లేకపోతే ఆ ఎద్దు ఊరి పొలిమేర దాటేది కాదు. అంటే నిచ్చెన నువ్వే పట్టుకున్నావు. తెలిసా, తెలియకా?"

అతను బల్ల మీద సుత్తి వంక చూశాడు. పిడి తన చేతికే అరిగిన పిడి.

"ఇప్పుడే చెప్పక్కర్లేదు. ఎల్లుండి పశువుల్ని తెస్తున్నారు, చూసి చెప్పు. నీకెంత ముట్టింది?"

"కూలి ఎప్పటిదేనండి. టీ ఇచ్చాడు."

"టీయా?" ఇన్‌స్పెక్టరు పెన్ను వీపు మీద ఆగిపోయింది. "టీకి దొంగతనంలో పొత్తు కుదుర్చుకున్నవాణ్ణి నా ఉద్యోగంలో చూళ్ళేదు."

మూల బల్ల దగ్గర రైటరు కాగితం తిప్పాడు. "దగ్గరి బంధువు?"

"లేరండి."

"ఎవరో ఒకరు. నిన్ను ఉంచేస్తే కబురు పెట్టాలి. చట్టం."

అతను ఆలోచించాడు. "పక్క కొట్టు సబ్బులాయన."

"నీకేమవుతాడు?"

"పక్క కొట్టండి."

"పక్క కొట్టు వరస కాదయ్యా. ఇక్కడ వరస అని గడి ఉంది." రైటరు ఆ గడిలో పెన్ను ఆనించి, ఎత్తి, ఖాళీగా వదిలేశాడు. "సరే, వెళ్ళు. ఎల్లుండికి ఒక మనిషిని సంపాదించుకో."

*

ఐదో రోజు చేతిలో పనిముట్లు లేవు. అతను గదిలో కూర్చున్నాడు. ఒక కుర్చీ, ఒక కంచం, ఒక గ్లాసు, గోడకి ఒక మేకు, దానికి ఒక చొక్కా. ఆ గదిలో జతగా ఉన్నవి చెప్పులు మాత్రమే.

పదింటికి వకీలు వచ్చింది. నల్లకోటు చేతిమీద వేసుకుని, చెమట తుడుచుకుంటూ. చిన్న వయసు, పెద్ద సంచి. అతను కుర్చీ ఇచ్చి గడప మీద కూర్చున్నాడు.

"బాబాయ్ గారూ, మీ అబ్బాయి తరఫున వచ్చానండి."

"నాకు అబ్బాయి లేడమ్మా."

"అదే, మా క్లయింటు. మిమ్మల్ని అలాగే అంటున్నాడు. మీరంటే ఎంత గౌరవమో." ఆవిడ సంచిలోంచి కాగితాలు తీయలేదు. మంచినీళ్ళ సీసా తీసింది. "పని చాలా చిన్నది. రేపు ఎద్దుని చూపించి గుర్తుపట్టారా అంటారు. అన్ని గిట్టలూ నాకొకటే అనండి. అంతే."

"ఒకటి కావమ్మా. రెండు ఎద్దులకి ఒకలా ఉండవు. ఒక ఎద్దుకే నాలుగూ ఒకలా ఉండవు."

"ఉండవండి. కోర్టుకి ఉంటాయి." ఆవిడ ముందుకి వంగింది. "ఆ నీళ్ళావిడ నాదే అంటుంది. నాదే అనడానికి కాగితం కావాలి కదా? ఆవిడ కాగితంలో కొమ్ములు వంకర, ముద్ర గుండ్రం. ఈ ఎద్దుకి కొమ్ములు తిన్నన, ముద్ర ముక్కోణం. మీరొక్కరే అటో ఇటో తేల్చగలిగేది. తెలియదంటే మీరూ ఇంటికి, అతనూ ఇంటికి. తెలుసు అన్నారనుకోండి, అప్పుడే తెలుసా అంటారు. మీకు నేర్పు ఉంది బాబాయ్ గారూ. నేర్పు ఉందని ఒప్పుకుంటే అదే నేరం."

"ముప్పై ఏళ్ళుగా..."

"ముప్పై ఏళ్ళ పేరు ఒక్క వాక్యంతో పోదులెండి."

పోతుందని ఇద్దరికీ తెలుసు. ఎద్దు కాలు తెలియనివాడి దగ్గరికి ఎద్దుని ఎవరు తెస్తారు?

ఆవిడ లేచి కోటు దులుపుకుంది. అతను గడప మీంచి జరిగి దారి ఇచ్చి, అప్పుడు అడిగాడు.

"అమ్మా, మోకాలి సంగతి ఏమైనా అడిగాడా?"

"మోకాలా? ఎవరిదండీ?"

"ఏం లేదు. వెళ్ళిరామ్మా."

ఆవిడ వెళ్ళాక అతను గోడకి ఎదురుగా నిలబడి వాక్యం నేర్చుకున్నాడు. అన్ని గిట్టలూ నాకొకటే. మూడోసారికి బాగానే వచ్చింది. గోడ నమ్మింది.

*

స్టేషను వెనక పశువుల్ని కట్టే ఆవరణ ఉంది. అక్కడ బల్ల వేసి ఇన్‌స్పెక్టరు కూర్చున్నాడు, పక్కన చీటీలతో సుత్తీ పటకారూ. రైటరు గొడుగు కింద. సంకెళ్ళతో వరసలు, పక్కనే వకీలు. కంచె అవతల నీళ్ళబండావిడ.

"బాబాయ్! చిక్కిపోయావేంటి? తినట్లేదా?" అన్నాడు వరసలు, సంకెళ్ళు ఎవరివో అన్నట్టు.

ఎద్దుని తెచ్చారు. కొయ్యకి కట్టారు. ఆవిడ కంచె దూరి లోపలికొచ్చి ఎద్దు మెడ మీద చెయ్యేసింది. ఎద్దు ఆవిడ చంకలో మూతి పెట్టింది.

"నాదే. ఇంకేం కావాలి?"

"నా చంకలో గడ్డి పెట్టుకుంటే నా దగ్గరికీ వస్తుంది వదినా" అన్నాడు వరసలు. జవాన్లు నవ్వారు.

ఇన్‌స్పెక్టరు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, కొమ్ముల వంక చూసి, తొడ వంక చూసి, వీపు గోక్కున్నాడు. "అమ్మా, నువ్వు అబద్ధం చెబుతున్నావని నేననను. నీ కాగితం మాత్రం అంటోంది. ఏమయ్యా లాడాలూ, నువ్వు చెప్పు. ఇది ఈవిడ ఎద్దేనా? నీ చేతి మీదుగా పోయిన గిట్టలు కదా."

ఆవిడ అతని వైపు తిరిగింది. ఆ చూపులో ప్రశ్న లేదు. జవాబు ఎప్పుడో వచ్చేసినట్టు, వినడమే మిగిలినట్టు నిలబడింది.

"అన్ని గిట్టలూ నాకొకటేనండి" అన్నాడతను.

గోడ దగ్గర వచ్చినంత బాగా వచ్చింది.

"చెప్పానా?" వరసలు గట్టిగా నవ్వాడు. "బాబాయ్‌కేం తెలుసు పాపం. బెజ్జం కనిపిస్తే మేకు కొడతాడు. మేకు, మేక, రెండూ ఒకటే."

రైటరు రాసుకుంటున్నాడు. ఆవిడ అరవలేదు. అరుస్తుందని అతను భుజాలు బిగించుకుని ఉన్నాడు.

"సర్లే" అంది. "నీకు తెలుస్తుందనుకున్నా." ఎద్దు మెడ మీంచి చెయ్యి తీసింది. "రా, ఒకసారి నడు, చూసి పోతా."

జవాను పలుపు విప్పి నడిపించాడు. ఎద్దు మూడు కాళ్ళ మీద నడిచింది. వెనక ఎడమ కాలు నేల తాకగానే ఎత్తేస్తోంది. డెక్క పైన వెంట్రుకల అంచు దగ్గర వాపు, ఈగలు. నాలుగడుగులు వేసి ఆగి, ఆ కాలు గాల్లో వేలాడదీసి నిలబడింది. ఎవరికో చూపిస్తున్నట్టు కాదు. దించలేక.

మూడు రోజులు తారురోడ్డు మీద అలాగే నడిచింది. మళ్ళీ లారీ ఎక్కి ఇక్కడికి వచ్చింది. ఎనిమిదో మేకుతో.

అతను బల్ల దగ్గరికి నడిచి పటకారు తీసుకున్నాడు.

"ఏయ్, ఏయ్! అది ఐదో నంబరు!" అన్నాడు రైటరు.

చీటీ వేలాడుతుండగానే అతను ఎద్దు వెనక వంగాడు. మోకాలు కలుక్కుమంది. పడుకోబెట్టలేదు, తాళ్ళు కట్టలేదు. కాలు తీసి తన తొడ మీద పెట్టుకున్నాడు. ఎద్దు ఇచ్చింది. మడత విప్పి, బయటి డెక్క రెండో బెజ్జంలో మేకు తల పట్టుకుని, తిన్నగా, ఒకే లాగుడు లాగాడు. మేకు వెంట నల్లటి నెత్తురు, దాని వెనక చీము. ఎద్దు ఒక్కసారి ఒళ్ళంతా వదిలేసి అతని మీద ఆనుకుంది.

"ఇక్కడ మేకు కొట్టకూడదండి" అన్నాడు, తలెత్తకుండానే. "కింద పగులుంది. ఎనిమిదేళ్ళ కిందటిది. నేనే మాన్పాను. అప్పట్నుంచీ ఈ బెజ్జం వదిలేస్తాను." చొక్కా జేబులోంచి పాత బిళ్ళ తీసి జవాను చేతికిచ్చాడు. "ఇదే కాలి నుంచి ఊడదీసింది. మూడు అరిగాయి, ఒకటి అరగలేదు. చూసుకోండి. ఎద్దు ఈవిడదే."

"బాబాయ్..." అన్నాడు వరసలు మెల్లగా.

ఇన్‌స్పెక్టరు బిళ్ళని వెలుగుకి ఎత్తి ఆ బెజ్జంలోంచి చూశాడు. చాలాసేపు చూశాడు. "అక్కడ కొట్టవు. మరి ఈ మేకు ఎవరు కొట్టారు?"

"నేనేనండి."

వకీలు ఒక అడుగు ముందుకేసింది. "మీరు జవాబివ్వక్కర్లేదు."

"ఎవరిదో ఎప్పుడు తెలిసింది? కొట్టక ముందా, కొట్టాకా?"

"ముందే. తెలిసిపోయిందని తెలియకూడదని కొట్టాను."

"ఏయ్ ముసలోడా! నీకేం పోయేకాలం వచ్చింది?" అని అరిచాడు వరసలు. రెండు నెలల్లో అతను కలిపిన వరసలన్నిటిలోకీ అదొక్కటే సూటిగా వినిపించింది.

ఆవిడ ఎద్దు అవతలి పక్క నుంచి ఇటు వచ్చింది.

"నేనొచ్చి అడిగిన రోజు నీకు తెలుసా?"

"తెలుసు."

"నేను కాడి మోస్తుంటే చూస్తూ నిలబడ్డావ్."

"ఆ."

"ఎందుకు?"

అతను కాలు మెల్లగా నేల మీదికి దించాడు. అది ఆగింది. వణికింది, ఆగింది. "అతను వచ్చి కూర్చునేవాడు" అన్నాడు. చెప్పాక అదెంత చిన్న కారణమో అతనికే వినిపించింది. ఇంకో కారణం కోసం వెతికాడు. దొరకలేదు.

ఆవిడ వంగింది. కొంగుతో చీము తుడిచి, పగులు దగ్గర నొక్కి చూసింది.

"మిగిలిన ఏడూ గట్టిగా ఉన్నాయా?" అంది, అతని వంక చూడకుండా.

"నాలుగోది వదులైంది."

"అయితే కొట్టు."

అతను ఇన్‌స్పెక్టరు వంక చూశాడు. ఇన్‌స్పెక్టరు మూడో నంబరు సుత్తి వంక చూశాడు, రైటరు వంక చూశాడు, చివరికి ఆకాశం వంక చూశాడు. జవాను సుత్తి తెచ్చిచ్చాడు. ఆవిడ ఎద్దు తల పట్టుకుంది. అతను రెండు దెబ్బలు కొట్టాడు, చీటీ గాల్లో గిరగిరా తిరిగింది. నోట్లో మేకులు లేకుండా అతను పనిచేయడం ఆవిడ మొదటిసారి చూసింది.

"వారం పాటు ఉప్పునీళ్ళు" అన్నాడు. "ఆ బెజ్జంలో దూది పెట్టు. బండికి కట్టకు."

"నాకు తెలుసు."

రైటరు కొత్త కాగితం తీశాడు. పాతది సాక్షులది. గొంతు సవరించుకున్నాడు. "పేరు రాసుకున్నాను. దగ్గరి బంధువు? ఇవాళ వదిలేయడానికి లేదయ్యా, మనిషి దొరికాడా?"

అతను ఆవరణ అంతా చూశాడు. వకీలు వరసలు చెవిలో ఏదో చెబుతోంది. జవాన్లు ఎండ తప్పించుకుని గోడ వారకి చేరారు.

"లేరండి" అన్నాడు.

"నా పేరు రాయి" అంది ఆవిడ.

రైటరు తలెత్తాడు. ఇన్‌స్పెక్టరు పెన్ను వీపు మీద ఆగింది. అతను మాత్రం సుత్తి బల్ల మీద పెట్టబోతూ అలాగే పట్టుకుని ఉండిపోయాడు.

"అమ్మా, ఫిర్యాదు ఇచ్చిందే నువ్వు కదా?"

"ఫిర్యాదు అలాగే ఉంచు. తీసేయమన్నానా? శిక్ష పడాల్సిందే. ఆ లాడాలు నెలన్నరకి అరుగుతాయి. ఈ ఊళ్ళో ఇంకెవడున్నాడు కొట్టడానికి? ఎక్కడున్నాడో నాకు తెలియొద్దూ, వెళ్ళి తిట్టడానికైనా!"

"సరే. నీకేమవుతాడు? వరస రాయాలి."

"వరసా లేదు, వావీ లేదు. వరసలతో వేగింది చాలు." ఆవిడ పలుపు విప్పుకుంది. "నాకేమీ కాడు. ఏమైనా అయితే ఎద్దుకవుతాడు."

ఆవిడ పేరు చెప్పి, ఎద్దుని నడిపించుకుంటూ గేటు వైపు వెళ్ళింది. ఎద్దు కుంటుతోంది గానీ నాలుగు కాళ్ళూ నేల మీద పెడుతోంది.

రైటరు ఆ గడిలో "ఎద్దు" అని రాశాడు. చూసుకుని కొట్టేశాడు. ఇంకేం రాయాలో తోచక, పక్కనే మళ్ళీ అదే రాశాడు.